బిడ్డకు వెల గట్టువారు

అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములో కాపురముండు మన తెలుగు సోదరి యొకతె మాకు దీర్ఘమైన యుత్తరము వ్రాసినది. పెరటిలో వేసిన గోంగూర మొదలుకొని అత్తగారి మోకాళ్ళ నొప్పుల వరకు నన్ని సంగతులును వ్రాసి, తుదిపుటలో నసలు మాట బయటపెట్టినది. ఆ మాటలనే కొంత కుదించి యిచ్చుచున్నాము.

"మా యింట జూలై నెల వచ్చినదన్న రెండు మూడు దినములు కంచములలో నన్నము చల్లారవలసినదే. మా వారును మా పెద్దవాడును బేసుబాలు ఆటపై ప్రాణము పెట్టుకొన్నవారు. తమ జట్టువా రీయేడు ఏ కుఱ్ఱవాని నెంచుకొనవలెను, ఎంత సొమ్మిచ్చిన వాడు సంతకము చేయును, అని వాదులాడుకొందురు. 2021 సంవత్సరమున కుమారను పిల్లవానిని గూర్చి తండ్రికొడుకులు వారము దినములు పలుకరించుకొనలేదు. ఇన్నాళ్ళును నవ్వి యూరకుంటిని. ఇప్పుడు మా చిన్నవానికి పదునేడవ యేడు. బంతి విసరుటలో దిట్ట యని పేరు వచ్చినది. ఆట చూడవచ్చిన వారెవరెవరో వాని పేరు వ్రాసికొని పోవుచున్నారు. రేపు సొమ్ము చూపి సంతకము చేయుమన్నచో తల్లినైన నేనేమి చెప్పవలెను? కళాశాలకు పొమ్మందునా? సొమ్ము పుచ్చుకొమ్మందునా? ఇంకొక మాట. మొన్న రాత్రి వాడు మోచేతికి మంచుగడ్డల సంచి కట్టుకొని వంటయింట కూర్చుండి, 'నాన్నతో చెప్పకమ్మా' అనెను. నేను చెప్పలేదు."

ఈ యుత్తరమును మేము రెండు మారులు చదివితిమి. మన పాఠకురాండ్రలో ననేకులకు బేసుబాలు ఆట తెలియదు. అయినను బిడ్డకు పరులు వెల గట్టునపుడు తల్లి యేమి చేయవలె నన్నది ఎల్లయిండ్లకును చెందిన ప్రశ్నయే. కావున సంగతిని మొదటినుండి చెప్పుకొందము.

బేసుబాలు మన క్రికెట్టునకు దూరపు చుట్టము. ఒకడు బంతి విసరును, ఒకడు గుండ్రని కొయ్యబ్యాటుతో కొట్టును. విసరువాని చేయి బలమైనదైన జట్టుకు బలము. అందుచేతనే ఆ చేతికి వెల హెచ్చు. ఆ చేతికే గండమును హెచ్చు. పెద్ద క్లబ్బులు ముప్పది కలవు. ఏటేటను అవి సమావేశమై పాఠశాలలనుండియు కళాశాలలనుండియు యువకుల నెంచుకొనును. దీనికి డ్రాఫ్టని పేరు. క్రిందటి యేట వెనుకబడిన జట్లకు ముందుగా నెంచుకొను నవకాశ మిత్తురు. ఇటీవల మొదటి కొన్ని స్థానములకు చీట్లు వేయు పద్ధతి వచ్చినది. ఇప్పుడు ఇరువది వరుసలలో ఆరువందలకు పైగా పేర్లు పిలువబడును.

ఈ పద్ధతి ఎట్లు పుట్టెనో తల్లులకు తెలియవలెను. పూర్వము ఏ క్లబ్బైనను ఏ యింటికైనను పోయి, బిడ్డ కింత యిత్తుమని చెప్పవచ్చును. 1964 లో రిక్ రైకార్టను యువకుని కొఱకు క్లబ్బులు పోటీపడగా ఏంజెల్సను జట్టు రెండులక్షల డాలర్లకు పైగా నిచ్చి తీసికొనెను. మరుసటి యేడే, అనగా 1965 లో, డ్రాఫ్టు నెలకొల్పబడెను. అందు మొట్టమొదట పిలువబడిన రిక్ మండే యనువానికి దక్కినది రైకార్టు పొందినదానిలో నించుమించు సగము. పేద జట్లకును మంచి యాటగాండ్రు దక్కవలెనన్న న్యాయ మిందు కలదు. అయినను దీని ఫలముగా పిలిచిన క్లబ్బుతో తప్ప ఇంకొకరితో బేరమాడు హక్కు ఆ యేటికి బిడ్డకు లేకపోయెను. ఇంటివారి చేతిలో మిగిలినది ఒక్కటే మాట: "ఒల్లము."

ఆ మాట ఎవరు చెప్పగలరు? వేరొక త్రోవ గలవారే చెప్పగలరు. పాఠశాల ముగించిన బాలునికి కళాశాలలో చోటున్నచో, సంతకము చేయక చదువునకు పోవచ్చును. నాలుగేండ్ల కళాశాలలో చేరినవానిని సాధారణముగా మూడేండ్లు గడచినపిదపగాని, ఇరువదియొకటవ యేడు వచ్చినపిదపగాని మరల పిలుతురు. కాబట్టి క్లబ్బువారు ముందుగానే మనుష్యులను పంపి, ఎంత యిచ్చిన మీ వాడు చదువు మానునని నయముగా నడిగి తెలిసికొందురు. కాఫీ త్రాగుచు తల్లి యధాలాపముగా నన్న మాటయు క్లబ్బు పుస్తకములో చేరును. సోదరీమణులు దీనిని మఱవరాదు.

ఇక మన సోదరి యింట కలహము తెచ్చిన కుమారు కథ. ఈతని పూర్తిపేరు కుమార్ రాకర్. తల్లి లలిత, భారతదేశమునుండి వలసపోయిన దంపతుల కూతురు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికా ఫుట్‌బాలు ఆటలో పేరొందినవాడు, శిక్షకుడు. జార్జియా రాష్ట్రములో పాఠశాల చదువు ముగించునాటికే ఈ బాలుడు విసరు బంతిని చూడ క్లబ్బులవారు వచ్చుచుండిరి. అయినను వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమునకే పోదునని నిశ్చయించుకొనియుండుటచేత, 2018 డ్రాఫ్టులో కొలరాడో రాకీసు క్లబ్బు వారు ముప్పదియెనిమిదవ వరుసలో గాని అతని పేరు పిలువలేదు. అతడు సంతకము చేయలేదు, చదువునకు పోయెను. మరుసటి యేడే, 2019 జూనులో, డ్యూక్ విశ్వవిద్యాలయముతో జరిగిన పోటీలో ఎదుటివారి కొక్క మంచి దెబ్బయు దక్కనీయక పందొమ్మండుగురిని తన బంతులతోనే వెనుకకు పంపెను. ఆ యేడు అతని విశ్వవిద్యాలయము దేశమందలి కళాశాలల పోటీలో గెలిచెను. ఆ పోటీలో శ్రేష్ఠుడని అతనినే గౌరవించిరి.

2021 జూలైలో న్యూయార్కు మెట్సు క్లబ్బు అతనిని పదవ పేరుగా పిలిచెను. ఆ స్థానమునకు నిబంధనల ప్రకార మేర్పడిన మొత్తము నలువదియేడు లక్షల డాలర్లకు కొంచెము పైన. క్లబ్బువారు అరువది లక్షల కొప్పుకొనిరని వార్త వచ్చెను. మెట్సు అభిమానులు పండుగ చేసికొనిరి. తరువాత వైద్యులు చేయి పరీక్షించిరి. క్లబ్బువారికి సందేహము కలిగెను. ఆగష్టు 1వ తేదీ గడువు దాటిపోయెను; సంతకము జరుగలేదు. అట్లు జరిగిన క్లబ్బునకు మరుసటి యేడు ఒక స్థానము క్రిందుగా నింకొకని పిలుచు హక్కు వచ్చును. అనగా క్లబ్బు నష్టమునకు పూడిక కలదు. యువకునికి పోయిన యేడు మాత్రము తిరిగి రాదు.

ఈ సమయముననే న్యూజెర్సీలోని యా యింట కంచములు చల్లారినవి. "చెడిన సరకును కొనకుండుటయే తెలివి" యని తండ్రి. "ఆడిన మాట తప్పినారు" అని కొడుకు. వీరొక్కరేనా? మెట్సు అభిమానులెల్లరును రెండుగా చీలిరి. అటుపిమ్మట నా వాదము త్రాసువలె నూగసాగెను. ఆ సెప్టెంబరులో కుమారు భుజమునకు చిన్న శస్త్రచికిత్స జరిగెను. తండ్రి పక్షము పైచేయి. 2022 లో అతడు ట్రైసిటీ యను చిన్న జట్టులో నాడి చూపగా, టెక్సాసు రేంజర్సు క్లబ్బు ఏకముగా మూడవ పేరుగా పిలిచి యేబదిరెండు లక్షల డాలర్ల కొప్పందము చేసికొనెను. కొడుకు పక్షము పైచేయి. 2023 మే నెలలో మోచేతి నరమునకు పెద్ద శస్త్రచికిత్స; మరల తండ్రి పక్షము. 2024 సెప్టెంబరు 12వ తేదీన సియాటిల్ పట్టణమున తొలిసారి పెద్ద యాటలో దిగి నాలుగు ఆవృత్తులలో ఏడుగురిని పడగొట్టెను. మరల కొడుకు పక్షము. 2025 లో నతనికి నిలకడ చిక్కలేదు. ఈ కథ యింకను నడచుచున్నది. ఎవరు గెలిచిరని చెప్పుటకు నిప్పుడును వీలులేదు.

రేంజర్సు వారి లెక్కలో గృహిణులకు తెలిసిన మర్మ మొకటి కలదు. మూడవ స్థానమున కేర్పడిన మొత్తము డెబ్బదియైదు లక్షలకు పైన. కుమారు కేబదిరెండు లక్షలే యిచ్చి, మిగిల్చిన సొమ్ముతో నాలుగవ వరుసలో పిలిచిన బ్రాక్ పోర్టరను పాఠశాల బాలునికి ముప్పదియేడు లక్షలిచ్చి చదువు మాన్పించిరి. 2012 నుండి ప్రతి క్లబ్బునకును ఇంత సొమ్మని హద్దు కలదు. దానిని మించినచో శిక్ష. కావున ఒకరి కొసరు ఇంకొకరికి పెట్టుదురు. నెలజీతము డబ్బాలలో సర్దు మన యిల్లాండ్రకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. అయితే డబ్బాలలో మనము సర్దునది పప్పును బియ్యమును. వారు సర్దునది యువకుల భవిష్యత్తును.

ఇక నొక తల్లి కథ. 1991 లో న్యూయార్కు యాంకీసు క్లబ్బు మొట్టమొదటి పేరుగా బ్రయన్ టేలరను నల్లజాతి బాలుని పిలిచెను. ఉత్తర కరోలినా సముద్రతీరమున బోఫర్టు వారి యూరు. తండ్రి తాపీపనివాడు, తల్లి బెట్టీ పీతల మాంసము తీయు కర్మాగారమున కూలి. క్లబ్బు చెప్పిన మొత్తమును ఆమె నిరాకరించెను. అంతకు ముందటి యేడు టాడ్ వాన్ పాపెలను బాలునికి ఓక్లండు క్లబ్బు పండ్రెండు లక్షల డాలర్లిచ్చియుండెను. మొదట పిలువబడిన తన బిడ్డ కంతకు తక్కువ యేల యని యామె వాదము. వేసవి యంతయు నా పేదయిల్లు కదలలేదు. బాలుడు లూయిస్‌బర్గు కళాశాలలో చేరుట కేర్పాటై యుండెను.  తరగతులు మొదలగుటకు ముందునాడు క్లబ్బు దిగివచ్చి పదునైదున్నర లక్షల కొప్పుకొనెను. డ్రాఫ్టులో నంతవర కెవ్వరికిని అంత దక్కలేదు.

రెండేండ్లకు, 1993 డిసెంబరులో, సోదరుని పక్షమున కలహములోనికి పోయి ఆ యువకుడు భుజము చెడగొట్టుకొనెను. శస్త్రచికిత్స జరిగినను ఆ చేతి కాపాటి వేగము మరల రాలేదు. పెద్ద యాటలో నొక్కనాడైన దిగలేదు. ఆ తల్లి పట్టుదలను ఆనా డత్యాశ యన్నవారు నేడేమందురు? ఆ యాట ఆ బిడ్డకిచ్చిన ముఖ్యఫలము తల్లి పట్టుపట్టి తెచ్చిన యా సొమ్మే గదా! ఆమెకు బలమిచ్చినది కోపము గాదు. మరుసటి దినము తలుపు తెఱవనున్న చిన్న కళాశాల.

అట్లని "ఒల్లము" అన్న ప్రతివారికిని మేలే జరుగునని మేము చెప్పము. 2014 లో హ్యూస్టన్ ఆస్ట్రోసు క్లబ్బు మొదటి పేరుగా పిలిచిన బ్రేడీ ఐకెన్ అను బాలునికి అరువదియైదు లక్షలని మాట జరిగెను. వైద్యపరీక్షలో మోచేతి నరమును గూర్చి సందేహము రాగా క్లబ్బు మొత్తమును తగ్గించెను. ఇంటివా రొల్లమనిరి. మరుసటి మార్చిలో నా మోచేతికే శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడు క్లీవ్‌లండు క్లబ్బు పదునేడవ పేరుగా పిలిచి యించుమించు పాతికలక్షలిచ్చెను. పెద్ద యాటవరకు నతడు రాలేదు. ఆస్ట్రోసునకో, నష్టపూడికగా వచ్చిన స్థానమున అలెక్స్ బ్రెగ్మన్ అను గొప్ప యాటగాడు దొరికెను. న్యాయ మెటున్నదో చెప్పుట కష్టము. భారమెవరిపై పడెనో మాత్రము స్పష్టము.

ఈ కథలవలన అభిమానుల వాదములకు విలువ యెంతయో తెలియుచున్నది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ" మన్నట్లు, ఇంకను గడ్డము మొలవని పిల్లవానిపై పదేండ్ల విజయములు కట్టుదురు. పండితులని పేరొందినవారును తప్పుదురు. 1966 లో మెట్సు వారు మొదటి పేరుగా స్టీవ్ చిల్కాటను వానిని పిలిచిరి. అతడు పెద్ద యాటలోనికి రానేలేదు. రెండవ పేరైన రెగ్గీ జాక్సన్ చరిత్రకెక్కెను. 1988 లో, తండ్రికి మిత్రుడైన శిక్షకుని మాటమీద అరువదిరెండవ వరుసలో, 1390వ పేరుగా పిలువబడిన మైక్ పియాజా 2016 లో ఆ యాటలోని మహనీయుల మందిరమున చోటు సంపాదించెను. అభిమానము తప్పని మే మనము. పగలెల్ల పనిచేసి వచ్చిన పురుషులు పందిరిక్రింద కూర్చుండి లోకమును చక్కదిద్దుట ఎల్లదేశములందును కలదు. కాని వారు బేరమాడునది యొక తల్లి కన్నబిడ్డను గూర్చి యన్నది మఱచినపుడు మాట మొరటుదేలును. పెండ్లిచూపులలో పిల్ల రంగును నడకను ఎంచినవారి మాటలు మన చెవులలో నేండ్ల తరబడి నిలిచినవి గదా! ఆ నొప్పి ఎఱిగిన మనము మగపిల్లల విషయమున దానిని గుర్తింపకుండరాదు.

ఇక సోదరీ, మీరడిగినదానికి మాకు తోచినది చెప్పుదుము. కళాశాలయా సొమ్మా యన్న ప్రశ్నకు లోకమంతటికి నొక్క సమాధానము లేదు. అయినను కళాశాల చోటును ముందు భద్రపఱచుడు. పోయినను పోకపోయినను, అది చేతనున్నపుడే సొమ్ము మాట గౌరవముగా జరుగును. ఏ మొత్తమునకు క్రింద మన వాడు చదువు మానడో, మీరును మీ వారును చిన్నవాడును కూర్చుండి యెవరును అడుగకముందే నిశ్చయించుకొనుడు. బయటివారితో నొక్కరే మాటలాడుడు. ఒప్పందపు కాగితమును దానిలో నారితేరిన న్యాయవాదికి చూపక సంతకము పెట్టనీయకుడు. సంతకమే మేలని తోచినచో, తరువాతి చదువు వ్యయము క్లబ్బు భరించు షరతును వ్రాయించుకొనుడు. అట్టి యేర్పాటు ఆ యాటలో కలదు; అయితే ఆట మానిన రెండేండ్లలోపల చదువు మొదలుపెట్టకున్న హక్కు పోవును.

మరియు 2022 లో క్లబ్బులకును ఆటగాండ్ర సంఘమునకును కుదిరిన యొడంబడికలో తల్లులకు పనికివచ్చు నంశ మొకటి చేరినది. పేరొందిన యువకులు డ్రాఫ్టునకు ముందే వైద్యపరీక్ష చేయించుకొని ఫలితము లిచ్చినచో, పిలిచిన క్లబ్బు ఆ స్థానపు మొత్తములో నూటికి డెబ్బదియైదు పాళ్ళకు తక్కువ కాకుండ నీయజూపవలెను. కుమారునకు జరిగినట్లు పిలిచిన పిదప వట్టిచేతులతో పంపుటకు వీలు తగ్గినది. దాచిన నొప్పికంటె చెప్పిన నొప్పికే రక్షణ హెచ్చు.

ఇది చెప్పినపిదప మీ యుత్తరపు కడపటి మాటకు వత్తుము. మాకది కడపటి మాటగా తోచలేదు. అదియే మొదటి మాట. మీ వా డేల "నాన్నతో చెప్పకమ్మా" అనెను? 2021 లో వానికి పండ్రెండేండ్లుండును. భోజనపు బల్లకడ కూర్చుండి, చేయి నొచ్చిన యువకుని తన తండ్రి "చెడిన సరకు" అనుట వినినాడు. తండ్రి అన్నది పరాయి పిల్లవానిని. విన్నది సొంత పిల్లవాడు. ఆ తండ్రికి బిడ్డపై ప్రేమ లేదని మే మనము, మీ రనుకొనవలదు. ఆటమాటగా నన్నమాట యెక్కడ నాటుకొనెనో ఆయన కీనాటికిని తెలియదు.

కావున క్లబ్బువారి సంగతి వచ్చినపుడు చూచుకొందము. రేపే మీ వాని చేయి వైద్యునికి చూపుడు. ఆయన చెప్పువరకు బంతి పట్టనీయకుడు. ఆ రాత్రి మాటను మీ వారికి మీరే చెప్పుడు. వానిచేతనే చెప్పింపగలిగిన మఱియు మంచిది. వచ్చు జూలైలో మరల వాదము లేచినపుడు అన్నము వడ్డించుచు ఒక్కమాట యనుడు: "ఆ పిల్లవానికిని ఇంట తల్లి యున్నది." అంతకుమించి చెప్పనక్కఱలేదు.

మీ చిన్నవాని చేయి చక్కబడినదని వ్రాయుడు. అతడు ఎన్నవ పేరుగా పిలువబడెనో మా కక్కఱలేదు.